ఏడో గ్రీన్ మీది మిట్ట

గుడ్డ మీద గీసిన పటం అది.
వందేళ్ళు దాటినా సిరాలో నీలం ఇంకా చావలేదు.
మడతల దగ్గర మాత్రం
సముద్రం చిరిగిపోయింది.

కార్‌గిల్ అనే స్కాట్లండ్ మనిషి
మసాచుసెట్స్ తీరానికి వచ్చి
మూడు వారాలు వానలో నడిచాడట.
చేతిలో కర్ర, జేబులో ఉడికించిన బంగాళాదుంప.
గొర్రెలు గాలికి వెరచి పడుకున్న పల్లాలు చూసి
ఇక్కడ ఇసుక గుంట అన్నాడు.
నీళ్ళు వాటంతట అవి ఎటు పోతున్నాయో చూసి
బంతినీ అటే పొమ్మన్నాడు.
దారి మూసేవాడు కాడు, ఒక దారిని రెండు చేసేవాడు:
గుండె ఉన్నవాడికి కుడివైపు, వాగు మీదుగా, దగ్గర దారి;
లేనివాడికి ఎడమ.
చుట్టు తిరిగి వచ్చినవాడికి
గ్రీన్ వీపు చూపిస్తుంది.

ఇదంతా క్లబ్బు చరిత్ర పుస్తకంలో ఉంది.
అట్ట మీద బంగారు అక్షరాలు, లోపలన్నీ మీసాలు.
సభ్యులు నూట ఎనభై మంది.
ఒకరు పోతేనే ఒకరు వస్తారు.
గేటుకి పేరు పలక లేదు:
తెలిసినవాడికి అక్కర్లేదు,
తెలియనివాడికి లోపల పని లేదు.

నాకు పని ఉంది.
మట్టి తవ్వే యంత్రం నడుపుతాను,
పాత మైదానాలని మళ్ళీ పాతగా చేస్తాను.
"పటంలో ఎలా ఉంటే అలాగే" అంది కమిటీ.
పూడిపోయిన బంకర్లు రెండు తోడి తీశాను.
ఎవరో ముచ్చటపడి నాటిన పైన్ చెట్లు కొట్టించాను.
గాలి లోపలికొచ్చింది.
అరవై ఏళ్ళుగా దాన్ని బయటే నిలబెట్టారు,
సభ్యత్వం లేనట్టు.

ఏడో గ్రీన్ దగ్గర చెయ్యి ఆగింది.
వెనక ఎడమ మూల, మోకాలెత్తు మిట్ట.
పుస్తకంలో రెండు పేజీలు దాని గురించే,
కార్‌గిల్ మేధస్సుకి పరాకాష్ఠ అని.
జెండాకి గురిపెట్టిన బంతి దాని మీద పడి
ఒక్క క్షణం నిలిచి
ఎవరో పిలిచినట్టు తల తిప్పి
వాగు వైపు దిగిపోతుంది.

పటంలో మిట్ట లేదు.
అక్కడ గుడ్డ ఖాళీగా ఉంది.

గడ్డి చూసే ఫుర్తాడో, తాతల నాటి నుంచీ ఇక్కడివాడు,
నా మొహం చూడకుండా అన్నాడు:
"ముందు చేత్తో తవ్వు."

రెండడుగుల లోతున ఇసుక రంగు మారింది.
తర్వాత పక్కటెముకలు, బోర్లించిన పడవలా.
తర్వాత ఒక లాడం.
గుర్రానిది కాదు, ఇరుకైనది,
నా అరచేతిలో పట్టింది.

చరిత్రలోకి ఎక్కని లెక్కల పుస్తకం ఒకటి
అటక మీద ఉంది:
'ఆగస్టు పంతొమ్మిది. కంచర గాడిద ఒకటి, ఎండకి.
నూట నలభై డాలర్లు.
రొక్కో స్పదాచీని కూలిలోంచి విరగ్గొయ్యాలి.'
కూలి రోజుకి డాలరు డెబ్బై అయిదు సెంట్లు.
అంటే ఎనభై రోజులు
చచ్చినదాని వెనకే నడిచాడు రొక్కో.

"లాక్కుపోవడానికి ఇంకో జంతువుని ఇవ్వలేదట,"
ఫుర్తాడో చెప్పాడు, "శనివారానికి గ్రీన్ తేలాలన్నారు.
లాంతరు వెలుగులో ఆరుగురు తవ్వారు.
గొయ్యి చాల్లేదు. పైన ఇసుక పోశారు.
సోమవారం కార్‌గిల్ వచ్చాడు.
చాలాసేపు చూసి, కర్రతో ఒకసారి తట్టి,
ఎనిమిదో దానికి వెళ్ళిపోయాడట."

అదే మేధస్సేమో.
సిగ్గేమో. వాన మొదలయిందేమో.

మధ్యాహ్నం మిసెస్ థార్న్‌క్విస్ట్ ఫోను:
"ఏడోది చదునయిందా?"
"పటం తప్పండీ" అన్నాను.
అవతల చాలాసేపు మాట లేదు.
చీకటి పడేలోగా పూడ్చేశాం.
ఎముకలు కుంగి ఉంటాయని
బెత్తెడు ఎక్కువే పోశాడు ఫుర్తాడో.

నిన్న ఒక పెద్దాయన బంతి
మిట్టెక్కి, తల తిప్పి, వెళ్ళిపోయింది.
"కార్‌గిల్, దుర్మార్గుడా" అంటూ
భక్తిగా టోపీ తీశాడు.

కంచర గాడిద పేరు లెక్కల్లో రాయలేదు.
లాడం నా పనిముట్ల పెట్టెలోనే ఉండిపోయింది.
ఎవరికివ్వాలో తెలీక కాదు.
ముసురు పట్టిన రోజు మూత తీస్తే
రెంచీలన్నిటికీ దాని వాసనే.